మా బావ ప్రొపెల్లర్ గోడకు పెట్టేది కాదు

మా బావ చనిపోయిన సంగతి నాకంటే ముందు కాలనీ వాట్సాప్ గ్రూపుకు తెలిసింది. నాచారంలో నేను పనిచేసే బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. బల్ల మీద ఫోను అదేపనిగా కదులుతుంటే తీసి చూశాను. "మన విమానం అంకుల్ చివరికి నిజంగానే ఎగిరిపోయారు" అని ఎవరో పెట్టారు. కింద ఒక పక్షి బొమ్మ. ఆ కింద వరసగా దండం పెట్టే చేతులు, మళ్ళీ అదే మాట. కొందరు దానికి కవిత్వం కూడా జోడించారు. నేనింకా చదువుతుండగానే అక్క ఫోను వచ్చింది. "మీ బావ లేడే" అంది. 

ఆ 'ఎగిరిపోయారు' అన్న మాట మీద పుట్టిన కోపం నాకు ఇంతవరకు చల్లారలేదు. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నాతో కాదు. మా బావ ఎగరలేదు. ఉద్యోగం నుంచి దిగిపోయిన నాటి నుంచి ఆయన కోరుకున్నది ఒక్కటే. తన చేతులతో కట్టిన చిన్న విమానం, తాను ఎంచిన ప్రొపెల్లర్‌తో ఒక్కసారి నేల వదలాలి. అది జరగలేదు. ఆయన ప్రాణం పోయింది ఉప్పల్ చౌరస్తాలో, సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోలో. దాన్ని ఎగరడం అన్నవాళ్ళకు ఎగరడమంటే ఏమిటో తెలియదు, చావంటే ఏమిటో కూడా తెలియదు.

ఆయన ఎవరో ముందు చెప్పాలి. మా అక్క భర్త. నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి సరుకులు కొనే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. బోల్టుల దగ్గర నుంచి క్యాంటీన్ కందిపప్పు దాకా ఆయన చూడనిదే లోపలికి వచ్చేది కాదు. కొనడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. అమ్మేవాడు తన సరుకు గొప్పలు మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "గది సరే గనీ, ఇది దేనికి పనికిరాదో జెప్పు" అనేవాడు. అన్నిటికీ పనికొస్తుందని చెప్పినవాడి దగ్గర ఏదీ కొనేవాడు కాదు. "ఫలానా పనికి ఇది పనికిరాదు సార్" అని ఒప్పుకున్నవాడి దగ్గర మాత్రం బేరం కూడా సరిగ్గా ఆడేవాడు కాదు.

ఫ్యాక్టరీలో అది చెల్లింది. ఉప్పల్ రింగురోడ్డు మీద పుచ్చకాయల బండి దగ్గర కూడా అదే అడుగుతుంటే పక్కన నిలబడ్డ మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. "పుచ్చకాయ దేనికి పనికిరాదంటే ఏం జెప్పాలె సార్, తినడానికే గదా" అని బండివాడు దిక్కులు చూసేవాడు. చెప్పుల షాపులో ఒక జత కోసం సాయంత్రమంతా కూర్చునేవాడు. సేల్స్‌మన్ విసిగిపోయి, "వానలో పనికిరావు సార్, తడిస్తే ఊడతయి" అని నిజం చెప్పేవాడు. అప్పుడు బావ మొహం విప్పారేది. అవే కొనేవాడు. వానలో వాటిని చేతిలో పట్టుకుని వట్టికాళ్ళతో ఇంటికి వచ్చేవాడు.

అక్కను చూడటానికి వచ్చినరోజు కూడా అదే ప్రశ్న వేశాడట. పెద్దవాళ్ళందరూ ఉండగానే, "నువ్వు దేనికి పనికిరావో జెప్పు" అన్నాడట. మా నాన్న లేచి నిలబడ్డాడు. అక్క మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, "ఎదురుసూసుడు నాతోని కాదు" అందట. "నేను తొందరపడుడుకు పనికిరాను" అన్నాడట బావ. ఇద్దరూ నిజమే చెప్పారు. చెప్పి మరీ పెళ్ళి చేసుకున్నారు. ఆ తర్వాత జీవితమంతా మా అక్క తనకు చేతకాని ఆ ఒక్క పనే చేసింది.

నేను టీచరునయ్యింది కూడా ఆయన వల్లే. డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తెలియక ఇంట్లో అందరితో కొట్లాడుతున్న రోజుల్లో, "మర్దలా, నువ్వు దేనికి పనికిరావు" అని అడిగాడు. "నోరు మూసుకుని ఉండటానికి" అన్నాను కోపంగా. "అయితే ఇంకేంది, పంతులమ్మవే" అన్నాడు. వెళ్ళి బీఎడ్ ఫారం తెచ్చి ఇచ్చాడు. ఆ మేలు నేను ఆయనకు ఎప్పుడూ నోటితో చెప్పలేదు. చెప్పి ఉంటే ఎగతాళి చేసేవాడు.

విమానం సంగతికి వస్తాను. రిటైరయ్యాక అందరూ గుళ్ళూ గోపురాలూ తిరుగుతుంటే ఈయన చిన్న విమానాలు నడపడం నేర్పే చోటికి వెళ్ళి, తలనెరిసిన వయసులో నేర్చుకుని వచ్చాడు. తర్వాత నాచారంలో మూతపడ్డ ఒక మిల్లు వెనక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. అందులో ఇద్దరు పట్టే విమానం కట్టడం మొదలుపెట్టాడు. తోడు మా వీధిలోనే ఉండే మాస్టారు. ఆయనది కోస్తా, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై ఉప్పల్‌లో స్థిరపడ్డాడు. ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పడేది కాదు. అందుకే రోజూ కలిసేవారు.

గొట్టాలు అతికారు, రెక్కలకు గుడ్డ కప్పారు, ఇంజన్ తెచ్చారు. అరువు తెచ్చిన ఒక పాత ప్రొపెల్లర్ తగిలించి ఇంజన్ నడిపి చూశారు. అనుమతుల కాగితాలు ఒకపక్క నడుస్తున్నాయి. అన్నీ సాగాయి, ఒక్క ప్రొపెల్లర్ దగ్గర ఆగిపోయాయి. సొంత ప్రొపెల్లర్ ఏది కొనాలో తేల్చడానికి బావ తీసుకున్నంత కాలం నేను ఇల్లు కొనడానికి కూడా తీసుకోలేదు.

కాలనీలో అందరూ దాన్ని ఫ్యాను అనేవారు. "ఫ్యాను ఎప్పుడొస్తది అన్నా" అని అడిగి నవ్వేవారు. నేను కూడా మొదట్లో, ఒక ఫ్యానుకు ఇంత ఆలోచనేమిటని అడిగాను. బావ నన్ను షెడ్డులోకి తీసుకుపోయి ఒక చెక్కముక్క, ఒక స్క్రూ చేతికిచ్చాడు. "తిప్పు. ఒక్క చుట్టుకు ఎంత దూరం లోపలికి పోయిందో సూడు. గాలిలో ఇది గూడ గంతే. దీని రెక్కల మెలిక ఎక్కువుంటే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతది. పైకి పోయినంక మస్తు ఉరుకుతది. కనీ కింద కదిలేటప్పుడు ఇంజన్‌కు దమ్ము సాలదు. స్కూటర్‌ను మూడో గేర్ల లేపినట్టు. మెలిక తక్కువున్నది జల్ది లేస్తది, మంచిగ ఎక్కుతది. పైకి పోయినంక మాత్రం నత్తే."

"రెండూ చేసేది లేదా?"

"ఉంటే నాకు కొనబుద్ధి కాదు" అన్నాడు.

ఒకటి ఎక్కుడు రెక్క, ఇంకొకటి ఉరుకుడు రెక్క అని ఆయనే పేర్లు పెట్టుకున్నాడు. మాస్టారు ఉరుకుడు పక్షం. "ఎగిరేదే ఎక్కడికైనా వెళ్ళడానికి కదండీ. నెమ్మదిగా పోయే ముచ్చటైతే మీ స్కూటర్ ఉందిగా" అనేవాడు. మొదట్లో బావది కూడా అదే పక్షం. అక్కడితో కొనేసి ఉంటే అయిపోయేది. కొనలేదు. దాని వల్ల నష్టమేమిటో ఇంకా తేలలేదన్నాడు.

మెలికను నేల మీద ఉన్నప్పుడు పానాతో మార్చుకోగలిగే ప్రొపెల్లర్లు కూడా ఉంటాయట. మాస్టారు విసిగిపోయి అదైనా కొనమన్నాడు. ఆ మాట భోజనాల దగ్గర వచ్చింది. అక్క పప్పు వడ్డిస్తూ, "మార్చుకునేది కొన్నవనుకో, సచ్చేదాంక మార్చుకుంటనే ఉంటవు. కట్టెది కొను. మార్చేందుకు రానిది కొను" అంది. నేను పగలబడి నవ్వాను. బావ నవ్వలేదు. అక్క చెప్పింది నిజమని ఆయనకు తెలుసు. ఆ రోజుతో కట్టెదే అని ఖాయమైంది. ఎంత మెలిక అన్నది మాత్రం తేలలేదు.

ఇక్కడ నా కోపం ఆయన్ని వదిలి వేరేవాళ్ళ మీదికి పోతుంది. విమానం లేవాలంటే నేల కావాలి. నారపల్లి అవతల బావ చిన్ననాటి దోస్తుకు ఒక పొడవాటి చెలక ఉండేది. రాళ్ళు లేని గట్టి నేల, చెట్టూ చేమా లేదు. "కాగితాలు రానీ, నా చెలకలకెల్లే లేపు" అని ఆయన మాటిచ్చాడు. ఆ పొడవుకు ఉరుకుడు రెక్క సరిపోయేది. తర్వాత ఆ పక్కన పొలాలు ప్లాట్లయ్యాయి. ఆర్చి లేచింది, రంగు జెండాలు లేచాయి, కరెంటు స్తంభాలు పడ్డాయి. దోస్తు కొడుకులు చెలకలో ఒక చివర అమ్మారు. తర్వాత రెండో చివర కూడా అమ్మారు.

ప్రతిసారీ బావ నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని వరంగల్ రోడ్డు దుమ్ములో పోయేవాడు. చెలకలో ఈ చివర నుంచి ఆ చివరకు అంగలు వేసుకుంటూ నడిచేవాడు. కొత్త హద్దురాయి దగ్గర ఆగేవాడు. వాటికి పచ్చరంగు, తెల్లరంగు వేసి ఉండేవి. ఆయన ఆ రాయిని తిట్టేవాడు కాదు. తలెత్తి, ఆ రాయి అవతల స్తంభం ఎంత ఎత్తుందో చూసేవాడు. "ఇంకొంచెం మెలిక తగ్గించాలె మర్దలా" అనేవాడు. నేల తగ్గిన కొద్దీ ఆయన కోరిక కూడా తగ్గుతూ వచ్చింది. పరుగు పోయింది, దూరం పోయింది, చివరికి లేస్తే చాలన్న దగ్గరకు వచ్చింది. అన్నోజిగూడ వైపు చూశాడు, చెంగిచెర్ల వైపు చూశాడు. ఎక్కడ చూసినా అవే రాళ్ళు. "నీకు కోపం రాదా బావా" అని అరిచాను ఒకసారి. "నీకొస్తది గదా, సాలదా" అన్నాడు.

వస్తుంది. ఇప్పటికీ ఆ దారిన పోతే వస్తుంది. ఆ ప్లాట్లలో సగం ఖాళీగానే ఉన్నాయి, గడ్డి పెరిగి. ఎవరూ ఇల్లు కట్టని ఆ జాగాలో ఒక మనిషి ఒక్కసారి విమానం లేపుకుంటే ఎవరి సొమ్ము పోయేది?

చివరికి వానాకాలం మొదట్లో ప్రొపెల్లర్ వచ్చింది. ఎప్పుడు తేల్చుకున్నాడో, ఎప్పుడు తెప్పించాడో నాకు తెలియదు. పెట్టె విప్పేసరికి తేనెరంగు చెక్క, అద్దంలా వార్నిష్. పొరలు పొరలుగా అతికించిన కట్టె గీతలు అంచుల దగ్గర వంపు తిరిగి కనిపిస్తున్నాయి. ఎక్కుడు రెక్క. మాస్టారు దాన్ని తడిమి చూసి, "మీ ఇష్టం" అన్నాడు. అంత పొట్టి మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

షెడ్డు కురుస్తోందని బావ దాన్ని ఇంటికి తెచ్చాడు. ముందుగదిలో దివాన్ మీద దుప్పటి పరిచి అడ్డంగా పడుకోబెట్టాడు. చుట్టాలు వస్తే నేల మీద కూర్చోవాల్సిందే. గోడకు ఆనించి నిలబెడదామని నేనంటే ఒంటికాలి మీద లేచాడు. "నిలబెట్టొద్దు. నిలబెడితే కట్టెల ఉన్న తేమ కింది రెక్కకు దిగుతది. ఒక దిక్కు బరువైతది. తిప్పితే విమానాన్నే వణికిస్తది. విమానానికి బిగించినంక గూడ, ఆపినప్పుడల్లా అడ్డంగనే ఆపాలె." రోజూ పొద్దున ఒక పొడిగుడ్డతో తుడిచేవాడు. తడి చేత్తో ముట్టనిచ్చేవాడు కాదు.

"ఇప్పుడే బిగియరాదూ" అంది అక్క.

"వాన తగ్గినంక" అన్నాడు.

వాన తగ్గకముందే ఆయన పోయాడు. ఆ పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడు. గ్యాస్ అన్నాడు, కాదన్నాడు, చెమటలు పట్టాక ఆటో ఎక్కాడు. ఉప్పల్ చౌరస్తా దాకా వచ్చారు. ఎడమకు తిరిగితే ఒక దవాఖానా, కుడికి తిరిగితే ఇంకొకటి. అక్క ఎటైనా పొమ్మంది. ఆటో అతను వెనక్కి తిరిగి ఎటు అని అడిగాడు. మా బావ ఏం చేశాడో తెలుసా? ఫోను తీసి మాస్టారుకు కలిపి, "సారూ, ఈ రెండు దవాఖానాలల్ల ఏది దేనికి పనికిరాదో జర జెప్పున్రి" అని అడిగాడు. సిగ్నల్ పచ్చబడింది, మళ్ళీ ఎర్రబడింది. మాస్టారు అటునుంచి, "ఏదైతే ఏంటండీ బావగారూ, ముందు వెళ్ళండి" అని అరుస్తూనే ఉన్నాడట. ఫోను బావ చేతిలోంచి జారి అక్క ఒళ్ళో పడింది.

దీనికి నేను ఆయన్ని క్షమించను. పుచ్చకాయ దగ్గర క్షమించాను, చెప్పుల దగ్గర క్షమించాను, ప్రొపెల్లర్ దగ్గర కూడా క్షమించాను. ప్రాణం దగ్గర ఏమిటా ఎంపిక? వెంటనే పోయుంటే బతికేవాడో లేదో ఏ డాక్టరూ ఖచ్చితంగా చెప్పలేదు. నాకు అవసరం లేదు. అక్కను ఆ సిగ్నల్ దగ్గర ఎదురుచూసేలా చేశాడు. ఎదురుచూడటం తనవల్ల కాదని ఆమె మొదటిరోజే చెప్పింది కదా.

దశదిన కర్మ రోజు నా కోపానికి ఇంకో దారి దొరికింది. ఉదయం అక్కను కర్మ జరిగే చోటికి తీసుకుని వెళ్ళి, మధ్యాహ్నం కాలనీ కమ్యూనిటీ హాలుకు భోజనాలకు వచ్చాం. లోపల అడుగుపెట్టగానే బావ ఫోటో కనిపించింది. పక్కనే ఆయన ప్రొపెల్లర్. నిలువుగా. గోడకు ఆనించి, పైనుంచి కింది దాకా బంతిపూల దండ వేసి, రెండు కొసలకూ కొత్త బండికి పూసినట్టు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. అసోసియేషన్ అధ్యక్షుడు ఇంటికి మనిషిని పంపి తెప్పించాడట. ఒకతను స్టూలెక్కి డ్రిల్లింగ్ మిషన్‌తో గోడకు కన్నం పెడుతున్నాడు.

"మేడం, మన అన్న గుర్తుగ ఇక్కడ్నే పర్మనెంట్‌గ పెడుతున్నం. కింద పేరు రాయిస్తం, లైటింగ్ ఇస్తం" అన్నాడు అధ్యక్షుడు. "నడుమల ఒక బోల్టు ఏస్తే గట్టిగ కూసుంటది."

"ఎవరిని అడిగి తెచ్చిన్రు?" అన్నాను.

"గౌరవంతోనే గదా మేడం."

"ఆయన బతికున్నప్పుడు ఫ్యాను ఎప్పుడొస్తదని పండ్లికిలించింది మీరే గదా. ఇప్పుడు ఎక్కడికెళ్ళి వచ్చింది గౌరవం? దాన్ని నిలబెట్టొద్దు. దానికి కన్నం పెట్టొద్దు. ముందుగాల ఆ మిషన్ ఆపుమను."

"జర నిదానం మేడం. ఎట్లాగూ ఇగ తిరిగేది లేదాయె. ఊకెనే ఇంట్ల పడుంటది."

ఇంకా ఏమేమి అన్నానో నాకే గుర్తులేదు. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు చెయ్యి ఆపి చూశారు. నేను స్టూలు పట్టుకుని లాగితే ఆ డ్రిల్లింగ్ అతను తనే దిగిపోయాడు. అప్పటిదాకా ఒక మూల కూర్చున్న అక్క లేచి వచ్చింది. పది రోజులుగా ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. మెల్లగా దండ తీసింది. అధ్యక్షుడి వైపు తిరిగింది.

"గోడకు పెడితే ఇది దేనికి పనికిరాదో మీకెరుకనా?" అని అడిగింది.

ఆయన డ్రిల్లింగ్ అతని వైపు చూశాడు.

"తిరుగుడుకు పనికిరాదు" అంది అక్క. తర్వాత మాస్టారు వైపు చూసి, "అన్నయ్యా, ఇయ్యాల బిగిస్తరా?" అంది.

మాస్టారు తడబడ్డాడు. "ఇవాళా? కాగితాలన్నీ ఆయన పేరుతో ఉన్నాయి చెల్లెమ్మా, అవి మారాలి. ఆయనకు నేర్పిన పైలట్ వస్తానన్నాడు. అతనొచ్చాక నిదానంగా..."

"ఎగురుడు తర్వాత. తిప్పుడు ఇయ్యాల. ఇగ ఎదురుసూసుడు నాతోని కాదు" అంది.

ముగ్గురం దాన్ని ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి నాచారం తీసుకుపోయాం. దారిపొడవునా నేను నా కొంగుతో పసుపు తుడుస్తూనే ఉన్నాను, అధ్యక్షుణ్ణి తిడుతూనే ఉన్నాను. కుంకుమ పోయింది. పసుపు మాత్రం వార్నిష్ మీద అంటుకుని పూర్తిగా పోలేదు. తడిగుడ్డ పెడదామంటే బావ మాట అడ్డు.

షెడ్డులో మాస్టారు పాత ప్రొపెల్లర్ తీసి కొత్తది ఎక్కించాడు. బిగింపు ఎంతో చూపించే పానాతో ఒక్కో బోల్టునూ ఎదురెదురుగా బిగించాడు. కొసలను రెండు వేళ్ళతో పట్టి తిప్పి చూశాడు. అప్పుడు, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు.

"మీ బావగారి లెక్క తప్పని ఆయనతో చాలా పోట్లాడాను టీచరమ్మా. అంత చెలక పోగా మిగిలిన దాన్లో కూడా, ఒక్క మనిషి ఎక్కితే ఉరుకుడు రెక్కతో బ్రహ్మాండంగా లేస్తుంది. కావాలంటే ఇప్పుడైనా లెక్క వేసి చూపిస్తాను. చివర్లో ఆర్డరు పెట్టేముందు, పోనీ ఎంతమంది బరువుకు లెక్కేద్దామండీ అన్నాను. ఆయన సంగతి తెలుసుగా, ఇక ఒక నెల ఆలోచిస్తాడనుకున్నాను. నా మాట పూర్తికాకముందే 'ఇద్దరికి' అన్నాడు. చెల్లెమ్మగారు ఎక్కనంటున్నారు కదండీ అన్నాను. 'ఆమె ఎక్కకుంటే మానె. ఎక్కుతనంటే మాత్రం ఇది లేవదని నేనెట్ల జెప్పాలె సారూ' అన్నాడు. ఆ రోజే ఆర్డరు పెట్టించాడు."

 అక్క ఆ విమానం మొదలైన రోజే, "గా డబ్బాల నేను సచ్చినా కూసోను" అంది. బావ ఆమెను ఒక్కసారి కూడా బతిమాలలేదు, అలగలేదు. మేమంతా అది ఆయన ఒక్కడి పిచ్చి అనుకున్నాం. ఆ మనిషి తన జీవితంలో ఏ నష్టమూ అడగకుండా, ఎవరినీ అడగకుండా, వెంటనే తేల్చింది ఆ ఒక్కటే. అది కూడా మాతో చెప్పలేదు. దానికి కూడా నాకు కోపమే.

అక్క విమానం దగ్గరికి నడిచింది. చెప్పులు విడిచి రెక్క కింది కడ్డీ పట్టుకుంది. ఎటు కాలు పెట్టాలో మాస్టారు చూపిస్తే ఎక్కి కుడివైపు సీటులో కూర్చుంది. అది బావ సీటు కాదు, దాని పక్కది. బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక చీర మీద అడ్డదిడ్డంగా లాక్కుంది. మాస్టారు వంగి సరిచేశాడు. షెడ్డు తలుపులు బార్లా తీసి, చక్రాల ముందు చెక్క దిమ్మెలు పెట్టాం. తోకను మోకుతో షెడ్డు ఇనుప స్తంభానికి కట్టాం. మాస్టారు ఎడమ సీటులో కూర్చుని, నన్ను ప్రొపెల్లర్‌కు దూరంగా, రెక్క వెనక్కి వెళ్ళి నిలబడమన్నాడు.

ఇంజన్ ఒకసారి దగ్గి ఆగింది. రెండోసారి అందుకుంది. కట్టె రెక్కలు మొదట విడివిడిగా కనిపించాయి, తర్వాత కనిపించడం మానేశాయి. మాస్టారు మెల్లగా వేగం పెంచాడు. షెడ్డు రేకులు దడదడలాడాయి, నేల మీది చెక్కపొట్టు, ఎండిన ఆకులు లేచి నా వెనక గోడకు కొట్టుకున్నాయి. మోకు బిర్రుగా లాగింది. విమానం మొత్తం ముందుకు ఒరిగి, చక్రాలతో దిమ్మెలను నెడుతూ నిలబడింది. ఎక్కడా వణుకు లేదు.

అక్క కిటికీలోంచి నావైపు తిరిగి ఏదో అరిచింది. ఇంజన్ రొదలో వినపడలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని సైగ చేశాను. ఆమె మళ్ళీ, ఒక్కో మాటా విడదీసి అరిచింది.

"గుంజుతున్నదే. ఇద్దర్నీ గుంజుతున్నది."

ఆమె చెయ్యి ఒకటి సీటు అంచును గట్టిగా పట్టుకుని ఉంది. ముక్కు ముందు, రెక్కలు మాయమైన చోట, నేను తుడవలేకపోయిన పసుపు గాలిలో సన్నటి గుండ్రటి గీతగా తిరుగుతోంది. దాని లోపలినుంచి మిల్లు గోడ, గోడ అవతల ఆకాశం కనిపిస్తున్నాయి.